జింకల వేటకు రైఫిల్ స్కోప్‌ను ఎంచుకోవడం ఎలా?

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కనుక, ఈ వ్యాసం ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో తుపాకి పట్టుకొని అడవికి వెళ్లాలనుకొనే వారి కోసం రాసినది కాదు. అమెరికాలో, అందులోనూ టెక్సాస్‌లో స్థిరపడి, ఆఫీసు మిత్రులో ఇరుగుపొరుగువారో పిలిస్తే నవంబరులో తెల్లతోక జింకల వేటకు మొదటిసారి బయలుదేరబోతున్న తెలుగువారిని దృష్టిలో పెట్టుకొని దీన్ని రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక, తెలంగాణ రాష్ట్ర జంతువైన మచ్చల జింక, మన పల్లెల్లో మనుబోతు అని పిలిచే నీల్‌గాయ్ మూడూ గత శతాబ్దంలో టెక్సాస్ రాంచ్‌లకు, అంటే పశువులను పెంచే విశాలమైన క్షేత్రాలకు, చేరి అక్కడే సంతతి పెంచుకున్నాయి. మన దేశంలో ముట్టుకుంటే జైలుకు పంపే జంతువులను ఇక్కడ యజమాని అనుమతితో, లైసెన్సుతో చట్టబద్ధంగా వేటాడతారన్న సంగతి తొలిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు.

రైఫిల్ మీద బిగించి గురి చూసుకొనే దుర్బిణినే స్కోప్ అంటారు. దాని గురించి మాట్లాడుకొనే ముందు మీ వీసా సంగతి చూసుకోండి. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకిని గాని తూటాలను గాని తమ దగ్గర ఉంచుకోరాదని అమెరికా సమాఖ్య చట్టం చెబుతుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు చేతిలో ఉండడం ఆ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. టెక్సాస్ వార్షిక లైసెన్సులు ఆగస్టు 31తో ముగుస్తాయి కనుక, సెప్టెంబరు 1 నాడు కొత్తది తీసుకోకుండా తుపాకిని ఇంట్లో ఉంచుకొన్నవారు తెలియకుండానే తప్పులో కాలేసినట్టే. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవి పందులను కాల్చడానికి 2019 నుంచి టెక్సాస్ లైసెన్సు అడగడం లేదన్న మాట నిజమే గాని, ఆ మాట విని లైసెన్సు మానుకోవడం వీసా మీద ఉన్నవారికి తగదు, ఎందుకంటే తుపాకిని ముట్టుకోవడానికే వారికి ఆ కాగితం ఆధారం. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ తరగతి పూర్తి చేయాలన్న నియమం కూడా ఉంది. అనుమానం ఉంటే ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగండి. తుపాకుల దుకాణంలో కౌంటరు వెనుక ఉన్న మనిషి మాట ఈ విషయంలో చాలదు.

మొదటి మెట్టు: ఎంత దూరంలో, ఎంత వెలుతురులో?

దుకాణానికి వెళ్లకముందే ఒక కాగితం మీద రెండు విషయాలు రాసుకోండి. జింక మీకు ఎంత దూరంలో కనిపించబోతోంది? అప్పుడు వెలుతురు ఎంత ఉంటుంది? మిమ్మల్ని తీసుకువెళ్లేవారిని అడిగితే మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మధ్య టెక్సాస్‌లోని హిల్ కంట్రీలో, లానో, మేసన్ కౌంటీల వైపు, ఓక్ చెట్ల మధ్య మన పొలాల మంచెను పోలిన చిన్న గదిలో కూర్చొని, మొక్కజొన్న గింజలు చల్లే ఫీడరు దగ్గరికి జింకలు వచ్చేదాకా ఎదురుచూస్తారు. ఆ ఫీడరు సాధారణంగా 80 నుంచి 150 గజాల లోపే ఉంటుంది. పశ్చిమ టెక్సాస్ బయలు నేలల్లో అది 300 గజాలు కావచ్చు.

రెండో ప్రశ్నకు జవాబు చట్టంలోనే ఉంది. టెక్సాస్‌లో జింకలను సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తరువాత అరగంట వరకు వేటాడవచ్చు. జింకలు కూడా ఆ రెండు అరగంటల్లోనే ఎక్కువగా తిరుగుతాయి. అందువల్ల మిట్టమధ్యాహ్నం ఎండలో ఏ స్కోప్ ఎలా కనిపిస్తుందన్నది మీకు అక్కరలేని సమాచారం. తెల్లవారుజామున ఓక్ చెట్టు నీడలో నిలబడ్డ బూడిదరంగు జంతువుకు కొమ్ములు ఉన్నాయో లేవో చెప్పగలదా అన్నదే అసలు పరీక్ష. ఇక్కడి నుంచి నేను చెప్పే ప్రతి సలహా ఈ సందెవెలుగును బట్టే ఉంటుంది.

నా మొదటి స్కోప్‌ను ఈ రెండు ప్రశ్నలు వేసుకోకుండానే కొన్నాను. పెద్ద అంకె ఉంటే మంచిదనుకొని 6-24×50 తీసుకున్నాను. మొదటి సాయంత్రం 60 గజాల దూరానికి వచ్చిన జింక మామూలు కంటికి స్పష్టంగా కనిపిస్తుండగా, స్కోప్‌లో కన్ను పెడితే గడ్డి, కొమ్మలు, మళ్లీ గడ్డి తప్ప మరేమీ కనిపించలేదు. అంతకుముందు కాల్పుల మైదానంలో 20 రెట్ల దగ్గర తిప్పి ఉంచిన రింగును అలాగే వదిలేశానని గుర్తుకువచ్చి దాన్ని తగ్గించడం మొదలుపెట్టేసరికి, స్కోప్ నిండా ఒక బూడిదరంగు పొట్ట వెంట్రుకలు కనిపించాయి. అది జింక ముందుభాగమో వెనుకభాగమో తేలేలోగా అది వెళ్లిపోయింది.

రెండో మెట్టు: అంకెలను చదవడం

3-9×40 అని రాసి ఉంటే, దృశ్యాన్ని 3 రెట్ల నుంచి 9 రెట్ల వరకు దగ్గరగా చూపుతుందని, ముందువైపు కటకం వ్యాసం 40 మిల్లీమీటర్లని అర్థం. హిల్ కంట్రీ వేటకు ఇదే సరిపోతుంది. అమెరికాలో కొన్ని తరాల వేటగాళ్లు ఈ కొలతతోనే జింకలను వేటాడారు. దట్టమైన పొదల్లో నడుస్తూ వేటాడేవారికి 1-4 లేదా 1-6, బయలు నేలల్లో దూరం నుంచి కాల్చేవారికి 4-12 వరకు చాలు. 100 గజాల దూరంలో ఒక మామూలు 3-9 స్కోప్ 3 రెట్ల దగ్గర సుమారు 33 అడుగుల వెడల్పును చూపితే, 9 రెట్ల దగ్గర చూపేది దాదాపు 14 అడుగులే. రెట్లు పెరిగేకొద్దీ కిటికీ చిన్నదవుతుంది. మీ చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెద్దదై కనిపిస్తుంది. కదిలే జంతువును వెతికి పట్టుకోవాలంటే కింది అంకె ముఖ్యం. కొనేవాళ్లలో చాలామంది చూసేది పై అంకె.

మరో లెక్కను కూడా నోటితోనే చేసుకోవచ్చు. కటకం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే, స్కోప్ నుంచి మీ కంటికి చేరే కాంతి కడ్డీ మందం మిల్లీమీటర్లలో వస్తుంది. దీన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. స్కోప్‌ను చేయిచాచి పట్టుకొని చూస్తే కంటివైపు అద్దంలో చిన్న వెలుగు బిళ్లగా అది మీకే కనిపిస్తుంది. 40ని 9తో భాగిస్తే 4.4, 6తో భాగిస్తే 6.7. చీకట్లో యువకుల కనుపాప సుమారు 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది. యాభై దాటినవారిలో అది 5 దగ్గరే ఆగిపోవచ్చు. బిళ్ల మీ కనుపాప కన్నా చిన్నదైతే దృశ్యం మసకబారుతుంది. పెద్దదైతే మిగిలిన వెలుతురు కంటి వెలుపల పడి వృథా అవుతుంది. చీకటిపడే వేళ 40 మిల్లీమీటర్ల స్కోప్‌ను 9 మీద ఉంచి తిట్టుకోవడం కన్నా 6కు తగ్గిస్తే అదే స్కోప్‌లో దృశ్యం తేటపడుతుంది. ఇందుకు పైసా ఖర్చు లేదు. నా 6-24×50 స్కోప్ 24 దగ్గర ఇచ్చేది 2.1 మిల్లీమీటర్లు మాత్రమే కనుక, ఆ అంకెకు నేను చెల్లించిన డబ్బు సందెవేళ నాకు ఎన్నడూ పనికిరాలేదు.

అలాగని 56 మిల్లీమీటర్ల కటకానికి పరుగెత్తకండి. కటకం పెద్దదైతే స్కోప్‌ను నళిక మీద మరింత ఎత్తుగా బిగించాలి, అప్పుడు చెంప బట్ (తుపాకిని భుజానికి ఆన్చే వెనుక భాగం) మీద ఆనక, మెడ సాచి చూడవలసి వస్తుంది. చెంప ఆననప్పుడు గురి కుదరదు. స్కోప్ గొట్టం మందం గురించి కూడా ఒక అపోహ ఉంది: అంగుళం గొట్టం కన్నా 30 మిల్లీమీటర్ల గొట్టం ఎక్కువ వెలుతురు తెస్తుందని అమ్మేవాళ్లే చెబుతుంటారు. దాని వల్ల ప్రధానంగా లభించేది గురిని పైకీ కిందికీ జరుపుకొనే అవకాశం. 300 గజాల లోపు వేటకు అంగుళం గొట్టం చాలు.

మూడో మెట్టు: కంటికీ స్కోప్‌కూ మధ్య దూరం

దృశ్యం మొత్తం అంచులు నల్లబడకుండా కనిపించాలంటే స్కోప్ వెనుక కన్ను ఎంత దూరంలో ఉండాలో చెప్పే కొలతను ఐ రిలీఫ్ అంటారు. మూడున్నర అంగుళాలు, అంటే దాదాపు 9 సెంటీమీటర్లు, ఉంటే మంచిది. .243 రకం తూటా వాడే, వెనక్కి తక్కువగా తన్నే రైఫిల్‌కు ఇంతకన్నా కొంచెం తక్కువైనా ఫరవాలేదు గాని, గట్టిగా తన్నే .30-06 గాని .300 విన్‌చెస్టర్ మాగ్నం గాని వాడేవారు ఈ కొలత విషయంలో రాజీ పడకూడదు. తుపాకి వెనక్కి తన్నినప్పుడు స్కోప్ అంచు కనుబొమ మీద అర్ధచంద్రాకారంలో కోస్తుంది. ఆ మచ్చ చూసి అనుభవజ్ఞులు నవ్వుకుంటారు. నా ఎడమ కనుబొమ నిక్షేపంగా ఉంది. కుడి కనుబొమ గురించి మీరు అడగవద్దు.

కళ్లద్దాలు పెట్టుకొనేవారు, మనలో కంప్యూటరు ముందు బతికేవారందరూ దాదాపుగా ఆ కోవలోనివారే కనుక, రెండు పనులు తప్పక చేయాలి. కళ్లద్దాలతోనే స్కోప్‌లో చూసి దూరం సరిపోతుందో లేదో చూసుకోవాలి. ఆ తరువాత ఖాళీ ఆకాశం వైపు స్కోప్‌ను పెట్టి, రెండు సెకన్లు మాత్రమే చూస్తూ, వెనుకవైపు ఉన్న ఫోకస్ రింగును గురి గీతలు చురుగ్గా నల్లగా కనిపించేవరకు తిప్పాలి. ఎక్కువసేపు చూస్తే కన్ను తనంతట తానే సర్దుకొని మిమ్మల్ని మోసగిస్తుంది. నాకు తెలిసిన ఇద్దరు మిత్రులు ఈ రింగును ముట్టుకోకుండానే గీతలు మసకగా ఉన్నాయంటూ స్కోపులను వాపసు చేశారు.

ఎయిర్ రైఫిల్ ఉన్నవారికి ఇక్కడొక మాట చెప్పాలి. స్ప్రింగుతో పనిచేసే ఎయిర్ రైఫిల్ తన్నుడు చిన్నదే అయినా అది వెనక్కీ ముందుకూ రెండువైపులా ఉంటుంది. పెద్ద రైఫిల్ మీద ఏళ్లతరబడి నిలిచిన స్కోప్ దాని మీద కొన్ని వందల గుళ్లకే పాడైపోవచ్చు. ఎయిర్‌గన్‌కు తగినదని తయారీదారు రాసిన దాన్నే కొనండి. 2016 ఆయుధ నియమాల ప్రకారం భారతదేశంలో .177 బోరు, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు కనుక, ఊరి నుంచి బావమరిది ఫోన్ చేసి "బావా, వచ్చేటప్పుడు ఒక మంచి స్కోప్ తెచ్చిపెట్టు" అని అడిగే అవకాశం ఉంది. తుపాకి స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ నిబంధనల కిందికి వస్తాయి. చాక్లెట్లతోపాటు సూట్‌కేసులో సర్దవలసిన వస్తువు కాదది.

నాలుగో మెట్టు: గురి గీతలు, తిప్పుడు బిళ్లలు

స్కోప్‌లో కనిపించే గీతల అమరికను రెటికిల్ అంటారు. అంచుల్లో లావుగా, మధ్యలో సన్నగా ఉండే డ్యూప్లెక్స్ రకాన్ని లూపోల్డ్ సంస్థ 1962లో తెచ్చింది. జింకల వేటకు ఇప్పటికీ దాన్ని మించినది అరుదు. లావు గీతలు మసక వెలుతురులో చూపును మధ్యకు నడిపిస్తాయి, సన్న గీతలు గురిని మరుగుపరచవు. చెట్టు కొమ్మల్లా అడ్డంగా నిలువుగా గుర్తులు నిండిన రెటికిల్ దుకాణంలో చూడడానికి ముచ్చటగా ఉంటుంది గాని, జింక నిలబడే ఆ నాలుగు క్షణాల్లో ఏ గుర్తు దేనికో లెక్కపెట్టే తీరిక మీకు ఉండదు. మధ్య చుక్క ఎర్రగా వెలిగే రకం నల్లటి అడవిపంది మీద చీకటివేళ నిజంగా ఉపయోగపడుతుంది; కొనేముందు దాన్ని బాగా తగ్గించే వీలుందో లేదో చూడండి, ఎందుకంటే ప్రకాశం ఎక్కువైన చుక్క జంతువునే కమ్మేస్తుంది.

రెటికిల్ గొట్టంలో ఏ చోట అమర్చి ఉందన్నది మరో సంగతి. మొదటి ఫోకల్ ప్లేన్ రకంలో రెట్లు పెంచితే గీతలు కూడా పెద్దవవుతాయి, తగ్గిస్తే సాలెపోగులా సన్నబడతాయి. రెండో ఫోకల్ ప్లేన్ రకంలో గీతలు ఎప్పుడూ ఒకే లావులో కనిపిస్తాయి. అయితే దూరాలను సూచించే గుర్తులు ఏవైనా ఉంటే అవి ఒక్క అంకె దగ్గరే, సాధారణంగా అన్నిటికన్నా ఎక్కువ రెట్ల దగ్గరే, నిజం చెబుతాయి. సందెవేళ తక్కువ రెట్ల మీద వేటాడేవారికి గీతలు కనిపించడమే ముఖ్యం కనుక నా ఓటు రెండోదానికి.

పైన, పక్కన ఉండే బిళ్లలను తిప్పితే టిక్కు టిక్కుమంటూ గురి జరుగుతుంది. ఒక్కో టిక్కు విలువ మామూలుగా పావు ఎంఓఏ. ఒక ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. 100 గజాల దగ్గర అది అంగుళానికి చాలా దగ్గరగా, కచ్చితంగా 1.047 అంగుళాలు ఉంటుంది. అంటే 100 గజాల దగ్గర నాలుగు టిక్కులకు ఒక అంగుళం. కొన్ని స్కోపుల్లో మిల్ అనే మరో కొలత ఉంటుంది. అందులో ఒక టిక్కు 100 మీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు. రెండూ మంచివే. రెటికిల్ ఒక కొలతలో, బిళ్లలు మరో కొలతలో ఉన్న స్కోప్ మాత్రం వద్దు. వేటకు బిళ్లల మీద మూతలు ఉన్న రకం తీసుకోండి, ఎందుకంటే మూతలు లేనివి కారు సీటుకో సంచికో రాసుకొని మీకు తెలియకుండా తిరుగుతాయి.

పారలాక్స్ గురించి రెండు మాటలతో సరిపెడతాను. కన్ను కొద్దిగా పక్కకు జరిగితే గీతలు లక్ష్యం మీద జారినట్టు కనిపించడమే పారలాక్స్. సర్దుబాటు లేని వేట స్కోపులను ఎక్కువగా 100 గజాల వద్ద ఈ దోషం లేకుండా అమర్చి ఇస్తారు. 250 గజాల లోపు జింకకు అది చాలు.

ఐదో మెట్టు: దుకాణంలో పరీక్ష

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. పూత వేయని గాజు ఉపరితలం మీద పడిన వెలుతురులో సుమారు 4 శాతం వెనక్కి తిరిగిపోతుంది. స్కోప్‌లో అనేక కటకాలు, ఒక్కోదానికి రెండు ముఖాలు ఉంటాయి కనుక పూతలు లేకపోతే నష్టం పేరుకుపోతుంది. ఈ ప్రతిఫలనాన్ని తగ్గించే పూతను జైస్ సంస్థలో 1935లో రూపొందించారు. పెట్టె మీద ఫుల్లీ మల్టీ కోటెడ్ అని ఉంటే గాలి తగిలే ప్రతి ముఖానికీ అనేక పొరల పూత ఉందని అర్థం. ఒట్టి కోటెడ్ అని ఉంటే ఏదో ఒక ముఖానికి ఒక్క పొర వేసి ఊరుకొన్నా ఆ మాట అబద్ధం కాదు. వెలుతురు ప్రసారం ఇంత శాతమని అచ్చేసిన అంకెలను నేను పెద్దగా పట్టించుకోను, ఎందుకంటే ఏ రంగు వెలుతురుకు ఆ అంకె వచ్చిందో పెట్టె మీద రాయరు.

దుకాణంలో ట్యూబులైట్ల కింద ప్రతి స్కోప్ బాగానే ఉంటుంది. పొద్దు గూకే వేళకు, నవంబరులోనైతే సాయంత్రం ఐదున్నరకు, వెళ్లండి. తుపాకికి బిగించని విడి స్కోపులను మాత్రమే చూపమని, ఒకే ధర పలికే మూడింటిని గుమ్మం దాకా తీసుకువెళ్లనివ్వమని మర్యాదగా అడగండి. రద్దీ లేనప్పుడు అడిగితే చాలాచోట్ల ఒకరిని తోడు పంపిస్తారు. మూడింటినీ 6 రెట్ల మీద పెట్టి, రోడ్డుకు అవతల ఉన్న కట్టడం చూరు కింద చీకటి మూలను చూడండి. ఇటుకల మధ్య గీతలు ఎందులో కనిపిస్తున్నాయి? పార్కింగ్ బోర్డు మీద చిన్న అక్షరాలను ఎందులో చదవగలుగుతున్నారు? విద్యుత్ తీగను ఆకాశానికి అడ్డంగా చూసినప్పుడు దాని అంచున ఊదా, పచ్చ చారలు కనిపిస్తే ఆ గాజు అంత మేలైనది కాదు. దృశ్యం మధ్యలో తేటగా ఉండి అంచుల్లో కరిగిపోతున్నట్టుంటే, అది ఎంతమేరకో గమనించండి. వీధి దీపం వెలిగాక దానికి కొంచెం పక్కగా గురిపెట్టి, లోపల తెల్లటి పొగలా కమ్ముకుంటోందో లేదో చూడండి. ఉదయం సూర్యుడికి ఎదురుగా కూర్చోవలసి వచ్చిన రోజున ఆ పొగే మీ జింకను దాస్తుంది. ఇలా చూసిన ఒక సాయంత్రం, నేను కొందామని వెళ్లిన దానికన్నా వంద డాలర్లు తక్కువైన స్కోప్ నా కంటికి మెరుగ్గా కనిపించింది. మీ కంటికి మరోలా ఉండవచ్చు, అందుకే పరీక్ష మీరే చేయాలి.

లోపల నైట్రోజన్ గాని ఆర్గాన్ గాని నింపి మూసిన స్కోపులకు లోపలివైపు ఆవిరి పట్టదు. హామీ పత్రాన్ని కూడా చదవండి. లూపోల్డ్, వోర్టెక్స్ వంటి సంస్థలు జీవితకాల హామీ ఇస్తాయి కనుక, వాడిన స్కోప్ కొనేటప్పుడు ఆ హామీ కొత్త యజమానికి కూడా వర్తిస్తుందో లేదో తెలుసుకుంటే అదే సొమ్ముకు మెరుగైన గాజు దక్కవచ్చు. నికాన్ వంటి పేరున్న సంస్థ కూడా రైఫిల్ స్కోపుల తయారీ నుంచి తప్పుకుంది. పాత సరుకు చవకగా దొరికినప్పుడు మరమ్మతు సంగతి ముందుగా అడగాలి.

ఆరో మెట్టు: మౌంట్లకు డబ్బు మిగుల్చుకోవడం

స్కోప్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచే బేసు, రింగులు కలిపి మౌంట్ అవుతాయి. మొత్తం సొమ్మును గాజు మీదే పోసి, రింగుల దగ్గర పిసినారితనం చూపేవారే ఎక్కువ. గురి తప్పిందంటూ స్కోప్‌ను నిందించిన సందర్భాల్లో అసలు దోషి వదులైన స్క్రూ కావడం నేను పదేపదే చూశాను. మీ రైఫిల్ మోడల్‌కు సరిపోయే బేసు, గొట్టం మందానికి సరిపోయే రింగులు, ముందు కటకం నళికకు తగలనంత తక్కువ ఎత్తు అన్న మూడూ చూసుకోండి. ముందు కటకానికీ నళికకూ మధ్య విజిటింగ్ కార్డు రెండు మడతలు వేసి దూర్చగలిగితే అంతకన్నా ఎత్తు అక్కరలేదు.

బిగించేముందు తుపాకిలో తూటా లేదని రెండుసార్లు చూడండి. తూటాను నళికలోకి నెట్టి మూసే బోల్టు అనే భాగాన్ని తీసి పక్కన పెట్టడం ఇంకా మంచిది. స్కోప్‌ను రింగుల్లో వదులుగా ఉంచి, కళ్లు మూసుకొని తుపాకిని భుజానికి ఆనించి, చెంపను సహజంగా ఆన్చి, అప్పుడు కళ్లు తెరవండి. దృశ్యం పూర్తిగా కనిపించేవరకు స్కోప్‌ను ముందుకూ వెనక్కూ జరపండి. ఇదంతా మీరు వేటకు వేసుకొనే మందపాటి కోటుతోనే చేయాలి, ఎందుకంటే కోటు మందం తుపాకిని ముందుకు నెడుతుంది. నిలువు గీత నిటారుగా ఉందో లేదో చూడడానికి, తాపీమేస్త్రీలు గోడకు పట్టి చూసుకొనే బరువుకట్టిన దారంలాంటిది ఒకటి పాతిక గజాల దూరంలో వేలాడదీసి, గీతను దానితో సరిపోల్చండి. రింగుల స్క్రూలను టార్క్ డ్రైవరుతో, ఎడమా కుడీ మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించాలి; చాలా రింగులకు తయారీదారులు చెప్పే కొలత 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు. బలం ఉంది కదా అని మరో మలుపు తిప్పితే గొట్టం నొక్కుకుపోతుంది.

ఏడో మెట్టు: జీరో చేయడం

ఎంచుకున్న దూరంలో గురిపెట్టిన చోటే తూటా పడేలా స్కోప్‌ను సరిచేయడాన్ని జీరో చేయడమంటారు. మొదట 25 గజాల దగ్గర ఒక్క తూటా కాల్చండి. ఆ దూరంలో ఒక అంగుళం జరగాలంటే పావు ఎంఓఏ స్కోప్‌కు 16 టిక్కులు తిప్పాలి. తూటా రెండు అంగుళాలు ఎడమకు పడితే కుడివైపు 32 టిక్కులన్నమాట. అక్కడ గురి కుదిరాక 100 గజాలకు వెళ్లి, మూడేసి తూటాల గుంపులుగా కాల్చి, ప్రతిసారీ గుంపు మధ్యబిందువును చూసి సరిచేయండి. ఒక్క తూటాను నమ్మి బిళ్లలు తిప్పేవాళ్లు సాయంత్రం దాకా లక్ష్యం చుట్టూ ప్రదక్షిణ చేస్తూనే ఉంటారు. నళిక వేడెక్కితే చల్లారనివ్వండి.

.308 విన్‌చెస్టర్‌లో 150 గ్రెయిన్ల తూటాను 200 గజాలకు జీరో చేస్తే, 100 గజాల దగ్గర సుమారు రెండు అంగుళాలు పైకి, 300 దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందికి పడుతుంది. తెల్లతోక జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ఎనిమిది అంగుళాల పళ్లెం అంత ఉంటుందని లెక్కవేస్తారు కనుక, 200 గజాల లోపు ఏ లెక్కా లేకుండా మధ్యకే గురిపెట్టవచ్చునని, 300 దగ్గర అలా చేయకూడదని దీన్నిబట్టి తెలుస్తుంది. మీ తూటాకు ఈ అంకెలు కొంచెం మారతాయి. కాగితం మీద కాల్చి చూసుకొని మీ అంకెలు మీరే రాసుకోండి. తూటా రకం మారిస్తే జీరో మళ్లీ చేయాలి.

బిళ్లల పనితనం కూడా అదే రోజు తేలిపోతుంది. ఒక గుంపు కాల్చాక 20 టిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకు తిప్పుతూ ప్రతి మూలలో కాల్చి రండి. చివరి తూటా మొదటి గుంపు పక్కనే పడాలి. పడకపోతే, వాపసు గడువు ముగియకముందే స్కోప్‌ను తిరిగి ఇచ్చేయండి.

బైనాక్యులర్లను బడ్జెట్‌లో నుంచి తొలగించకండి

స్కోప్‌తో చుట్టుపక్కల ప్రదేశాన్ని వెతకడమంటే, కనిపించిన ప్రతిదాని మీదా తుపాకి గురిపెట్టడమే. పొదలో కదిలింది జింకా, పక్కన వేటకు అద్దెకు తీసుకున్న భూమిలోని మనిషా అన్నది స్కోప్‌లో చూసి తెలుసుకొనేవాడు అప్పటికే ఒక మనిషి మీద తుపాకి ఎత్తినవాడవుతాడు. నేను ఒకసారి మంచెలో కూర్చొని ఉండగా, మా ఆతిథేయి కంచె బాగుచేసుకోవడానికి చెప్పాపెట్టకుండా ఫీడరు వెనుక నుంచి నడుచుకుంటూ వచ్చాడు. మట్టిరంగు కోటు, సందెవెలుగు, ఓక్ కొమ్మల మధ్య కదలిక. నా చేతిలో ఉన్నది బైనాక్యులర్లు కనుక ఆయన చేతిలోని పటకారు కూడా కనిపించింది. సొమ్ము పరిమితమైతే స్కోప్‌లో ఒక మెట్టు దిగి, 8×42 బైనాక్యులర్లు ఒకటి కొనండి. వాటి ఎగ్జిట్ ప్యూపిల్ 5.25 మిల్లీమీటర్లు, సందెవేళ వెతకడానికి అది చక్కగా సరిపోతుంది.

వేటకు ముందురోజు రాంచ్‌కు చేరగానే, దారిలో కుదుపులకు గురి కదిలిందేమోనని యజమాని అనుమతితో మూడు తూటాలు కాల్చి చూసుకోండి. కటకం మీద దుమ్ము పడితే చొక్కా కొసతో తుడవకండి. ముందు ఊది, మెత్తటి బ్రష్షుతో దులిపి, ఆ తరువాతే లెన్సు గుడ్డ వాడాలి, లేకపోతే మీరు డబ్బు పోసి కొన్న పూతల మీదే ఇసుకతో గీతలు గీసినట్టవుతుంది. వెలిగే రెటికిల్ ఉంటే సీఆర్2032 బ్యాటరీ ఒకటి అదనంగా లోపలి జేబులో, ఒంటికి ఆనుకొని ఉండేలా పెట్టుకోండి. చలికి బయటి జేబులో పెట్టిన బ్యాటరీ సరిగ్గా పొద్దు పొడిచే వేళకే నీరసించిపోతుంది.